ఏడిపించేది ఒకరు, నిలబెట్టేది తరగతి: దక్షిణ తెలంగాణ బడుల్లో పిల్లల మధ్య వేధింపులు

సంక్షిప్తంగా: బడి పిల్లల మధ్య వేధింపు ఒక దుడుకు పిల్లవాడికీ ఒక మెతక పిల్లవాడికీ మధ్య గొడవ కాదు. చుట్టూ చేరి నవ్వేవాళ్లు, చూసీ చూడనట్టు తప్పుకునేవాళ్లు ఉన్నంతకాలమే అది సాగుతుంది. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరో తరగతికి బడి మారడం, హాస్టల్ చదువు, తల్లిదండ్రుల వలస, తండా పిల్లల ఇంటి భాష వంటివి ఎవరు ఒంటరవుతారో నిర్ణయిస్తున్నాయి. శిక్షలు, బలవంతపు రాజీలు ఎందుకు నిలవడం లేదో, ఏవి కొంతవరకు పనిచేస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

బడికి పోనని మొండికేసే పిల్లవాడు చాలాసార్లు అసలు కారణం చెప్పడు. సోమవారం పొద్దున కడుపునొప్పి అంటాడు, వారానికో పెన్ను పోయిందంటాడు, ఇంటికి రాగానే ముందు మూత్రానికి పరుగెడతాడు. బడిలో మరుగుదొడ్డి వైపు వెళ్లాలంటే భయం కాబట్టి పొద్దంతా బిగబట్టుకుని ఉంటాడు. ఇంట్లోవాళ్లు ముందు దీన్ని చదువు మీద బద్ధకంగా తీసుకుంటారు, విషయం బయటపడ్డాక పిల్లలన్నాక ఇవన్నీ మామూలేనని సర్దిచెప్పుకుంటారు. ఎక్కడైనా ఒక హాస్టల్‌లో పిల్లవాడు దెబ్బలు తిన్నట్టు పేపర్లో వార్త వస్తే మాట ఒక్కసారిగా రెండో కొసకు పోతుంది, కొట్టినవాళ్లకు టీసీ ఇచ్చి పంపాలని అందరూ అంటారు. మామూలే అనడమూ, పంపేయాలనడమూ రెండూ వేధింపు ఎలా పుట్టి ఎలా బతుకుతుందో చూడకుండా చేసే తీర్మానాలే.

కొట్లాట వేరు, వేధింపు వేరు

ఈ విషయం మీద క్రమబద్ధమైన అధ్యయనం మొదలుపెట్టినవాళ్లలో నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ ముఖ్యుడు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటిపిల్లల వేధింపులే అందుకు కారణమై ఉంటాయన్న అభిప్రాయం ఆ దేశాన్ని కదిలించింది, 1983లో అక్కడి ప్రభుత్వం బడులన్నిటిలో వేధింపుల నివారణ కార్యక్రమం చేపట్టింది. ఓల్వేయస్ చెప్పిన మూడు గుర్తులనే నేటికీ ప్రపంచమంతా వాడుతోంది: బాధపెట్టాలనే ఉద్దేశం ఉండాలి, అది మళ్లీమళ్లీ జరగాలి, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండాలి. ఆ బలం కండబలమే కానక్కర్లేదు. వయసు, దోస్తుల సంఖ్య, కులం, ఇంటి పలుకుబడి, మాట నేర్పు, ఏదైనా బలమే అవుతుంది.

సమ ఉజ్జీలైన ఇద్దరు పిల్లలు బ్యాట్ కోసం కలబడి చొక్కాలు చింపుకున్నా అది వేధింపు కిందికి రాదు. దాన్ని ఆపాల్సిందే, కానీ దాని మందు వేరు. ఆటలో భాగంగా పడేసుకోవడం, కుమ్ముకోవడం కూడా పిల్లల ఎదుగుదలలో సహజమే. దూరం నుంచి చూసే ఉపాధ్యాయుడికి రెండూ ఒకేలా కనిపించవచ్చు గానీ, తేడా పట్టుకోవడానికి మూడు చోట్ల చూస్తే చాలు. ఆటలో అందరి ముఖాలూ నవ్వుతుంటాయి, కింద పడ్డవాడు కాసేపటికి పైకి వస్తాడు, ఆట ముగిశాక ఇద్దరూ కలిసే వెళ్తారు. వేధింపులో కింద పడేది ఎప్పుడూ ఒక్కడే, ముగిశాక అతను ఒంటరిగా ఒక పక్కకు పోతాడు.

చేయి చేసుకోని వేధింపు మరీ కనిపించదు. ఒకరితో కటీఫ్ చెప్పి ఊరుకోకుండా బెంచీలో ఉన్న మిగతావాళ్లందరి చేతా మాట మాన్పించడం, పక్కన కూర్చుంటే లేచి వేరే చోటికి పోవడం, లేని కథ అల్లి ప్రచారం చేయడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. బంధాలను ఆయుధంగా వాడే ఈ పద్ధతిని అమెరికా పరిశోధకురాలు నిక్కీ క్రిక్ 1990లలో వివరంగా అధ్యయనం చేశారు. ఇది ఆడపిల్లల్లోనే ఉంటుందన్న అభిప్రాయం సరికాదు. అబ్బాయిలు కూడా ఆటకు జట్లు కోరుకునేటప్పుడు ఇదే పని చేస్తారు, గాయం మాత్రం ఎవరి ఒంటి మీదా కనిపించదు.

పళ్లెం పట్టుకున్న వరుసలో

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజున ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వరండాలో జరిగే విషయాన్ని దగ్గర నుంచి గమనిస్తే వేధింపు నిర్మాణం మొత్తం అక్కడే అర్థమవుతుంది. ఆరో తరగతి పిల్లవాడి పళ్లెంలోంచి తొమ్మిదో తరగతి పిల్లవాడు గుడ్డు తీసుకుంటాడు. తీసుకునేటప్పుడు అతను చూసేది చిన్నవాడి వైపు కాదు, వెనకున్న తన దోస్తుల వైపు. వాళ్లలో ఒకడు పకపకా నవ్వుతాడు. ఇంకొకడు సారు కంట పడకుండా అడ్డంగా నిలబడతాడు. మిగిలిన పదిమందీ తమ పళ్లేల్లోకి చూసుకుంటారు. ఏం జరిగిందని ఉపాధ్యాయుడు అడిగితే చిన్నవాడే ముందుగా, "నేనే ఇచ్చిన సార్, నాకు గుడ్డు పడది" అంటాడు.

గుడ్డు కోసం ఇది జరగలేదు. పెద్దవాడికి కావలసింది ఆ నవ్వు. 1996లో ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టీనా సాల్మివల్లి, ఆమె సహపరిశోధకులు తరగతి గదుల్లో పిల్లలు పోషించే పాత్రలను గుర్తించారు. ఏడిపించేవాడికి తోడు సాయం చేసేవాళ్లు, నవ్వి ఉత్సాహపరిచేవాళ్లు, పక్కకు తప్పుకునేవాళ్లు, బాధితుడి వైపు నిలబడేవాళ్లు ఉంటారని, తరగతిలో అత్యధికులు వీటిలో ఏదో ఒక పాత్రలో ఉంటారని తేల్చారు. కెనడాలో బడి మైదానాలను వీడియో తీసి చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. అందులో నమోదైన వేధింపు ఘటనల్లో 88 శాతం తోటిపిల్లల కళ్ల ముందే జరిగాయి, పిల్లలు జోక్యం చేసుకున్నవి 19 శాతమే. జోక్యం చేసుకున్న సందర్భాల్లో మాత్రం సగానికి పైగా, 57 శాతం వరకు, పది సెకన్లలోపే ఆగిపోయాయి. ఈ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన అంకెల్లో బడులకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఇదే.

చూసేవాళ్లు ఎందుకు ఊరుకుంటారన్నది తర్వాతి ప్రశ్న. అడ్డుపడితే రేపు తన వంతు వస్తుందన్న భయం ఒక కారణం. మిగతావాళ్లంతా నవ్వుతున్నారు కాబట్టి వాళ్లకిది నచ్చినట్టే ఉందని ప్రతి ఒక్కరూ అనుకోవడం రెండోది. విడివిడిగా అడిగితే చాలామంది తమకు నచ్చలేదనే చెబుతారు, కానీ ఆ మాట ఒకరికొకరికి తెలియదు. మూడోది పెద్దల నుంచే వస్తుంది. ప్రాథమిక పాఠశాలలో "చాడీలు చెప్పకు, పోయి కూర్చో" అని పదేపదే విన్న పిల్లవాడు పదకొండేళ్లకు వచ్చేసరికి సారుకు చెప్పడం తప్పని నేర్చుకుని ఉంటాడు. ఒకరిని ఇరికించడానికి చెప్పడం వేరని, ఒకరిని కాపాడటానికి చెప్పడం వేరని అతనికి ఎవరూ విడమరచి చెప్పి ఉండరు.

ఏడిపించేవాడు చదువురాని మొరటు పిల్లవాడన్న ఊహ కూడా అన్నిసార్లూ నిజం కాదు. ఎవరిని అంటే ఎదురు తిరగరో, ఎప్పుడు సారు అటు తిరుగుతారో, ఏ మాటకు తరగతి నవ్వుతుందో బాగా తెలిసిన తెలివైన పిల్లలు, ఉపాధ్యాయుల దగ్గర మంచి పేరున్న పిల్లలు కూడా వీళ్లలో ఉంటారు. పదకొండు నుంచి పధ్నాలుగేళ్ల మధ్య తోటివారిలో స్థానం అన్నిటికంటే పెద్ద విషయమవుతుంది. ఆ స్థానాన్ని తొందరగా సంపాదించే దారి దొరికితే దాన్ని వదులుకోవడానికి కారణం కనిపించదు.

ఆరో తరగతి మలుపు

ప్రాథమిక పాఠశాల నుంచి పై బడికి మారే సమయంలో వేధింపులు పెరిగి, గుంపులో ఎవరి స్థానం ఏమిటో తేలాక కొంత తగ్గుతాయని పాశ్చాత్య దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక్కడి పరిస్థితికి ఈ వివరణ బాగా సరిపోతుంది. అయిదో తరగతి దాకా సొంత ఊళ్లో, తెలిసిన పాతికమంది మధ్య చదివిన పిల్లవాడు ఆరో తరగతికి మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు వస్తాడు. నాలుగైదు ఊళ్లు, తండాల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. ఎవరి ఊరి గుంపు పెద్దదైతే వాళ్ల మాట చెల్లుతుంది. ఒక్క ఊరి నుంచి ఒక్కడే వచ్చిన పిల్లవాడికి వెనక నిలబడేవాళ్లు ఉండరు. పోతూ వస్తూ ఎక్కే పల్లెవెలుగు బస్సులోని చివరి సీట్లు, బస్సు కోసం నిలబడే ఆ అరగంట, ఏ ఉపాధ్యాయుడి బాధ్యతలోకీ రాని సమయాలు.

గురుకులాల్లో ఈ మలుపు ఇంకా ముందే, అయిదో తరగతిలోనే వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకుల పాఠశాల 1971లో అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో మొదలైంది. పేద ఇళ్ల పిల్లలకు మంచి చదువు అందించడంలో ఆ వ్యవస్థ చేసిన మేలు చాలా పెద్దది. అయితే అందులోని ఏర్పాటు వల్ల వచ్చే ఒక ప్రమాదాన్ని గుర్తించక తప్పదు. పగటి బడిలో ఏడ్చిన పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోతాడు, హాస్టల్ పిల్లవాడికి సాయంత్రమంటూ ఉండదు. తొమ్మిది పదేళ్ల పిల్లలూ ఇంటర్ చదివే పిల్లలూ ఒకే ప్రాంగణంలో ఉండే చోట్ల పొద్దున నల్లా దగ్గర బకెట్ల వరుస, ట్రంకు పెట్టె తాళం, ఇంటి నుంచి వచ్చిన సకినాల డబ్బా, రాత్రి లైట్లు ఆర్పిన తర్వాత పడక గది, ఇవే ఘర్షణ చోట్లు. సిబ్బంది తక్కువైనప్పుడు వార్డెన్ క్రమశిక్షణ బాధ్యతను పెద్ద పిల్లలకు అప్పగిస్తారు. అప్పటిదాకా వయసు బలమే ఉన్నవాడికి ఆ రోజుతో అధికారం కూడా వస్తుంది. అతని మీద అతనికే ఫిర్యాదు చేయాల్సిన పరిస్థితి చిన్న పిల్లలకు ఏర్పడుతుంది.

ఎవరి మీద పడుతుంది

బాధితులవుతున్న పిల్లలు బలహీనులని చెప్పడం సులువు. పరిశోధనలు చెప్పేది వేరు: అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉండేది దోస్తులు లేని పిల్లలు. అండగా నిలిచే ఒక్క స్నేహితుడున్నా ప్రమాదం గణనీయంగా తగ్గుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో పిల్లలను ఒంటరి చేసేవి ఏవో చూడాలి.

దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. బడికి వచ్చి తెలుగు పాఠం చదివేటప్పుడు ఒక పదం తేడాగా పలికితే తరగతి నవ్వుతుంది, మూడోసారి నవ్వాక ఆ పిల్ల చేయి ఎత్తడం మానేస్తుంది. నల్లమల అడవిలో పెంటలని పిలిచే చెంచుల చిన్న గూడేల నుంచి వచ్చేవాళ్లది ఇంకా చిన్న గుంపు. కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ యాసకూ ఇదే గతి. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక చదివి తడబడేవాళ్ల సంఖ్య పెరిగింది, దాంతో ఎక్కిరించే అవకాశాలూ పెరిగాయి.

వలసది మరో దారి. ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయిన పాలమూరు తల్లిదండ్రుల పిల్లలు అమ్మమ్మ, నానమ్మల దగ్గరో హాస్టళ్లలోనో ఉంటారు. వీళ్లను ఏడిపిస్తే అడగడానికి వచ్చేవాళ్లు లేరని తోటిపిల్లలకు తెలుసు. ఎదురు లేనిచోటే వేధింపు స్థిరపడుతుంది. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో పూలకు క్రాసింగ్ చేసే (చేత్తో పుప్పొడి అద్దే) పనికి పోయి నెలల తరబడి బడి మానేసి తిరిగి వచ్చే పిల్లలది భిన్నమైన స్థితి. తరగతిలో వయసుకు పెద్దవాళ్లు, చదువులో వెనక. పాఠం దగ్గర వీళ్లు నవ్వులపాలవుతారు, మైదానంలో ఆ కోపం చిన్నవాళ్ల మీద తీర్చుకుంటారు. ఒకే పిల్లవాడు పొద్దున బాధితుడు, సాయంత్రం వేధించేవాడు. ఉపాధ్యాయులకు కనిపించేది మాత్రం సాయంత్రం సంగతే.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. శాశ్వత దంతాల పైపొర చిన్నతనంలోనే ఏర్పడుతుంది కాబట్టి తర్వాత మంచి నీళ్లు తాగినా ఆ మచ్చ పోదు. ఊళ్లో అందరికీ ఉన్నప్పుడు గమనించని పళ్లు, బయటి హాస్టల్‌కు పోగానే గారపళ్లన్న పేరు తెచ్చిపెడతాయి, పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెడుతుంది. కులం పేరు ఎత్తకుండానే, వాడ పేరుతోనో తినే తిండి పేరుతోనో కులాన్ని గుర్తుచేసే మాటలు వీటన్నిటి కంటే లోతుగా తగులుతాయి. ఆ మాటలు పిల్లలు సొంతంగా పుట్టించినవి కావు, ఇంట్లో పెద్దలు వాడగా విన్నవే.

ఫోను కలిపింది

ఎనిమిదో తరగతి దాటాక వాట్సాప్ గుంపులు, ఇన్‌స్టాగ్రామ్ వచ్చి చేరతాయి. వేధింపు స్వభావం ఇక్కడ మారదు, పరిధి మారుతుంది. తరగతిలో అయిదు నిమిషాలు నడిచిన నవ్వు ఫొటోగా మారితే రాత్రంతా తిరుగుతుంది, చూసేవాళ్ల లెక్క ఉండదు, బాధితుడి ముఖం ఎదురుగా కనిపించదు కాబట్టి పంపేవాడికి జాలి కలిగే సందర్భమూ రాదు.

ఏళ్ల తర్వాత కూడా

2019లో యునెస్కో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకుముందు నెలలో కనీసం ఒకసారి తోటివారి వేధింపుకు గురయ్యారు. అంత విరివిగా ఉన్నది కాబట్టే మామూలే అనిపిస్తుంది. కానీ బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారం పుట్టినవారిని దశాబ్దాల పాటు అనుసరించిన అధ్యయనం చెప్పింది వేరు. ఏడు, పదకొండేళ్ల వయసులో తరచుగా వేధింపులకు గురైనవారిలో, యాభై ఏళ్లు వచ్చాక కూడా కుంగుబాటు, ఆందోళన మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. అమెరికాలో జరిగిన మరో దీర్ఘకాల అధ్యయనంలో అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నది ఒకప్పుడు బాధితులుగానూ వేధించేవాళ్లుగానూ ఉన్నవారే. పత్తి చేల నుంచి తిరిగొచ్చి మొరటువాడన్న ముద్ర వేయించుకున్న పిల్లవాడికి శిక్ష ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇది గట్టి ఆధారం.

షేక్‌హ్యాండ్ ఎందుకు నిలవదు

ఫిర్యాదు రాగానే బడిలో సాధారణంగా జరిగేది ఒకటే. ఇద్దరినీ స్టాఫ్ రూముకు పిలిచి, ఇద్దరినీ తిట్టి, షేక్‌హ్యాండ్ ఇప్పించి పంపిస్తారు. సమానుల మధ్య తగాదాకు ఇది చాలు. బలంలో తేడా ఉన్నచోట చిన్నవాడు పెద్దవాడి ఎదుట నిజం చెప్పలేడు, తన తప్పు లేకున్నా సగం తిట్లు తింటాడు, చెబితే ఏమవుతుందో బస్సులో ఆ సాయంత్రమే తెలుస్తుంది. ఇక బెత్తం తీసుకుంటే, బలమున్నవాడు లేనివాడిని కొట్టవచ్చన్న పాఠమే మళ్లీ చెప్పినట్టవుతుంది. ఉపాధ్యాయుడే ఒక పిల్లవాడిని పొట్టోడా, నల్లోడా అని పిలిస్తే తరగతికి ఆ పేరు వాడుకునే అనుమతి దొరికినట్టే. ఈ చివరిది చాలా బడుల్లో ప్రేమగా, ఏ చెడు ఉద్దేశమూ లేకుండా జరుగుతుంది. దాని నష్టం మాత్రం తగ్గదు.

బ్రిటన్ పరిశోధకులు మరియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ వివిధ దేశాల నివారణ కార్యక్రమాలను కలిపి పరిశీలించినప్పుడు, అవి వేధింపులను సగటున అయిదో వంతు వరకు తగ్గించాయని తేలింది. తల్లిదండ్రులతో సమావేశాలు, ఆటస్థలం మీద మెరుగైన పర్యవేక్షణ ఉన్నచోట ఫలితం ఎక్కువ. ఫిన్లాండ్ 2009 నుంచి దేశమంతటా విస్తరించిన కీవా కార్యక్రమం చూసేవాళ్ల మీదే దృష్టి పెట్టింది. అక్కడ బాధితుడితోనూ, వేధించినవాళ్లతోనూ విడివిడిగా మాట్లాడతారు. ఆపై తరగతిలో నలుగురూ మెచ్చే ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, బాధితుడికి తోడుగా ఉండే పని అప్పగిస్తారు. స్థానం కోసం నడిచే వ్యవహారం కాబట్టి, స్థానం ఉన్నవాళ్లు పక్కన కూర్చుంటే సగం తేలికవుతుంది.

చట్టం ఎంతవరకు

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక హింసనూ నిషేధించింది. అది ప్రధానంగా పెద్దల నుంచి పిల్లలకు రక్షణ. అదే చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు, కాబట్టి టీసీ చేతిలో పెట్టి పంపడం ఆ తరగతుల్లో చట్టవిరుద్ధమే. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం హాస్టళ్లకూ వర్తిస్తుంది, ఫిర్యాదును పట్టించుకోని సంస్థ అధిపతిని ప్రోత్సహించినవాడిగానే పరిగణిస్తుంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌ను నియమించాలని 2025 జులైలో సుప్రీంకోర్టు నిర్దేశించింది. మండల స్థాయి బడుల్లో అది అమలైతే పెద్ద మార్పే. చైల్డ్‌లైన్ 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి, కానీ ఫోను చేతిలో లేని హాస్టల్ పిల్లలకు గోడ మీది నంబరు ఒక్కటే ఆసరా కాలేదు.

ఇక్కడి బడుల్లో సాధ్యమయ్యేవి

కౌన్సెలర్ వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. ఎక్కడెక్కడ భయమేస్తుందో పేరు రాయకుండా చీటీ మీద రాయమంటే పిల్లలు రాస్తారు. మరుగుదొడ్డి వెనక, నల్లా దగ్గర, బస్‌స్టాప్ అని చోట్ల పేర్లే ఎక్కువగా వస్తాయి, మనుషుల పేర్లు అక్కరలేదు. ఆ చోట్ల ఆ వేళకు ఒక పెద్దమనిషి నిలబడితే చాలావరకు ఆగుతుంది. ఊరివారీగా గుంపులు కట్టకుండా బెంచీలు కలిపి వేయడం, ఒంటరిగా వచ్చిన పిల్లకు మొదటి వారంలోనే జోడీని చూపడం ఖర్చు లేని పనులు. హాస్టళ్లలో పెద్ద పిల్లలకు పని అప్పగించవచ్చు గానీ శిక్షించే అధికారం ఇవ్వకూడదు.

వీటికి వేళ ముఖ్యం. బడులు తెరిచే జూన్ నుంచి ఆగస్టు లోపలే కొత్త తరగతిలో ఎవరి స్థానం ఏమిటో తేలిపోతుంది, ఆ తర్వాత మార్చడం కష్టం. బాలల దినోత్సవం నాడు నవంబరులో పెట్టే అవగాహన సదస్సు అందుకే ఆలస్యమవుతుంది. అప్పటికి దసరా సెలవులు కూడా అయిపోయి ఉంటాయి. సెలవుల తర్వాత హాజరు పట్టికలో ఎవరి పేరు ఎదుట వరసగా గైర్హాజరు పడుతుందో చూసి, జ్వరమో పత్తి పనో అని రాసేయకుండా ఇంటికి ఒకరిని పంపి అడిగితే, వేధింపు గురించి ఏ ఫిర్యాదు పెట్టె కంటే ఎక్కువ సమాచారం అక్కడే దొరుకుతుంది.